పర్లాకిమిడికి చేరని నిబంధన 9

ఆస్పత్రి బిల్లుల మీద ఒడిశా సరిహద్దు పట్టణం పర్లాకిమిడిలో మళ్లీ వాదన లేచింది. ఒడిశా ప్రభుత్వం ఇచ్చిన పాత బిజు ఆరోగ్య కార్డు నయమా, 2025 ఏప్రిల్లో ఒడిశాకు వచ్చిన కేంద్ర పథకం ఆయుష్మాన్ నయమా అన్నచోటే మాటలన్నీ తిరుగుతున్నాయి. రెండింటిలోనూ ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా, ఆడవాళ్లకు 10 లక్షల దాకా వైద్యం. ఆ లెక్క అందరికీ తెలిసిందే. కార్డు ఏదైనా, ఆస్పత్రి ఎంత తీసుకోవాలన్న అసలు ముడి 2012లో పడింది.

క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం, అంటే ఆస్పత్రులను నమోదు చేసి నియంత్రించే కేంద్ర చట్టం, 2010లో వచ్చింది. రెండేళ్లకు దాని నిబంధనలు వచ్చాయి. వాటిలో తొమ్మిదోది చెప్పేవి ముఖ్యంగా రెండు. ఏ సేవకు ఎంతో స్థానిక భాషలో, ఇంగ్లిషులో బోర్డు పెట్టాలి. రాష్ట్రాలను సంప్రదించి కేంద్రం ఖరారు చేసిన పరిధిలోనే డబ్బు తీసుకోవాలి. మొదటిదానికి గోడకు రెండు మేకులు చాలు. రెండోదానికి ఎవరో ఒకరు కూర్చుని అంకె వేయాలి. ఆ అంకె పడలేదు. రాష్ట్రాలకు ఉత్తరాలు రాశామనీ, జవాబు రాలేదనీ 2024లో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పుకుంది. పన్నెండేళ్లూ ఉత్తరాలతోనే సరిపోయింది!

ప్రమాణాలు తేల్చడానికి అదే చట్టం కింద ఒక జాతీయ కౌన్సిల్ ఉంది. వైద్య, దంత, నర్సింగ్, ఫార్మసీ కౌన్సిళ్లకూ, డాక్టర్ల సంఘం ఐఎంఏకూ అందులో చోటుంది. బిల్లు కట్టేవాళ్ల తరఫున రెండు కుర్చీలు.

ప్రభుత్వాస్పత్రిలో 10 వేల దాకా అయ్యే కంటి శుక్లం ఆపరేషన్‌కు ప్రైవేటులో 30 వేల నుంచి 1.40 లక్షలు తీసుకుంటున్నారని, ఈ నిబంధన అమలు చేయించాలని సుప్రీంకోర్టుకు వెళ్లిన పిటిషనర్లు చూపించారు. కేంద్రం తేల్చకపోతే తన ఉద్యోగుల వైద్య పథకమైన సీజీహెచ్‌ఎస్ రేట్లు పెట్టే సంగతి చూస్తామని కోర్టు అంది. ఢిల్లీకీ మారుమూల పల్లెకూ ఒకే రేటు కుదరదని కంటి వైద్యుల సంఘం కోర్టుకెక్కింది. నిజమే, అద్దెలూ జీతాలూ ఒకటి కావు. కానీ నిబంధన అడిగింది పరిధిని, ఒకే రేటును కాదు.

మన సరిహద్దుకు ఇంకో చిక్కుంది. ఒడిశాకు 1990 నాటి సొంత చట్టం, ఆంధ్రకు 2002 నాటిది. సొంత చట్టాలున్న రాష్ట్రాలని ఈ రెండింటినీ కేంద్ర చట్టం షెడ్యూల్లో వేసి పక్కన పెట్టింది. అవి ఒప్పుకుని స్వీకరిస్తే తప్ప, ఢిల్లీలో రేపు అంకె పడినా సరిహద్దులోని మహేంద్రతనయ నదికి ఇటూ చెల్లదు, అటూ చెల్లదు.

ఈలోపు పాతపట్నం మీదుగా శ్రీకాకుళం బస్సెక్కేవాళ్లు ఎక్కుతూనే ఉన్నారు. సంచిలో ఎక్స్‌రే కవరు, ప్లాస్టిక్ తొడుగులో ఒడియా అక్షరాల కార్డు. అది అక్కడ నడుస్తుందా అన్నది కౌంటర్ దగ్గరికి వెళ్లాకే తెలుస్తుంది.