బ్రేక్ తొక్కితే ఇండికేటర్ ఎందుకు వెలుగుతోంది?

చిరంజీవులు నానికి, బుజ్జికి అత్త ఆశీస్సులు.

మీరు పంపిన మీ కారు వీడియో నాలుగుసార్లు చూశాను. బ్రేక్ తొక్కగానే ఎడమ వెనక ఇండికేటర్ మసగ్గా వెలుగుతోంది. ఎడమ హెడ్‌లైట్ కుడిదానికన్నా డిమ్‌గా ఉంది. పొద్దున్నే సెల్ఫ్ తిరగడం లేదు. నాని బ్రేక్ స్విచ్ పోయిందంటాడు, బుజ్జి ఫ్లాషర్ (ఇండికేటర్‌ని మిణుకుమనిపించేది) అంటుంది, కొత్తవి కొనమంటారా అని ఇద్దరూ అడిగారు. ఏమీ కొనకండి. మీరు వైరింగ్ మార్చకముందు ఆ స్విచ్చీ, ఆ ఫ్లాషరూ బాగానే పనిచేశాయి కదా! మీ చెయ్యి ఎక్కడెక్కడ పడిందో ముందు అక్కడే వెతకాలి. తప్పు పట్టడానికి అనడం లేదు. అలా వెతికితే సగం పని తగ్గుతుంది.

తప్పు పట్టాల్సింది వేరే ఉంది. టెయిల్ ల్యాంపుల ఫ్యూజ్ గడిలో ఆకుపచ్చది కనబడింది నాకు. అక్కడ ఉండాల్సింది ఎర్రది, 10 ఆంపియర్లది. ఆకుపచ్చది 30. ఎర్రది రెండుసార్లు కాలిపోయిందని పెద్దది పెట్టేశారు, అవునా? ఫ్యూజ్ ఉన్నది దీపాన్ని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. అంత సన్న వైరు 30 ఆంపియర్లని మోయలేదు. ఫ్యూజ్ కాలకపోతే వైరు కాలుతుంది, దాంతో పక్క వైర్లూ, సీటు కింద కార్పెట్టూ అంటుకుంటాయి. ఉత్తరం చదవడం ఆపి, వెళ్లి దాన్ని పీకేసి రండి.

వచ్చారా? ఇప్పుడు షార్ట్, అంటే వైరు రేకుకి తగిలిన చోటు, ఎక్కడుందో పట్టుకోవడానికి ఫ్యూజులు తగలేయక్కర్లేదు. 21 వాట్ల బ్రేక్ బల్బు హోల్డరుకి రెండు వైర్లు కలిపి, ఫ్యూజ్ గడిలో ఫ్యూజుకి బదులు దాన్ని తగిలించండి. టెయిల్ ల్యాంపులు వెలిగే పార్కింగ్ లైట్ల స్విచ్ వేయండి. షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, కానీ దాని గుండా రెండు ఆంపియర్లకి మించి పోవు కాబట్టి ఏదీ కాలదు. అలా వెలుగుతుండగానే వెనకనుంచి ఒక్కో కనెక్టరూ విప్పుతూ, వైరుని అక్కడక్కడా కదుపుతూ రండి. ఎక్కడ కదిపినప్పుడు బల్బు ఆరిపోయిందో, లేదా బాగా తగ్గిందో, షార్ట్ అక్కడే. నా అనుమానం డిక్కీ దగ్గర రేకు కన్నం మీద. అక్కడ గ్రోమెట్ (కన్నం అంచుకి తొడిగే రబ్బరు చుట్టు) లేకుండానే వైరు దూర్చినట్టు కనిపించింది. రేకు అంచు కత్తిలా ఉంటుంది, కారు నాలుగు కుదుపులు కుదిపితే ఇన్సులేషన్ కోసుకుపోతుంది.

ఇక ఇండికేటర్ సంగతి. ఇది నాకు పాత పరిచయమే. మొదటిసారి ఓ పాత కారుకి మొత్తం వైరింగ్ మార్చినప్పుడు సరిగ్గా ఇలాగే అయింది. మూడు వారాలు తల పట్టుకున్నాను. బ్రేక్ స్విచ్ మార్చాను, ఫ్లాషర్ మార్చాను, బాగా ఉన్న జాయింట్లు కూడా విప్పి మళ్లీ వేశాను. చివరికి విసుగొచ్చి, బ్యాటరీ నెగటివ్ నుంచి ఓ పొడవాటి వైరు లాగి వెనక దీపం ఎర్త్‌కి, అంటే కరెంటు బాడీ రేకులోకి దిగే వైరుకి, తాకించాను. అంతే, అన్నీ సర్దుకున్నాయి. ఎర్త్ లగ్‌ని (ఆ వైరు చివరి రింగుని) నేను కొత్తగా పెయింట్ వేసిన రేకు మీద బిగించాను మరి. పెయింట్ నిగనిగలాడుతోంది, కరెంటు మాత్రం పోవడం లేదు.

కారులో కరెంటు వెళ్లేటప్పుడు వైరు గుండా వెళ్తుంది, తిరిగొచ్చేటప్పుడు బాడీ రేకు గుండా వస్తుంది. వెనక దీపంలో బ్రేక్, ఇండికేటర్, పార్కింగ్ బల్బులకి చాలా కార్లలో ఒకటే ఎర్త్. అది తెగిందనుకోండి, బ్రేక్ బల్బులోంచి వచ్చిన కరెంటుకి దిగే దారి ఉండదు. కాలువకి అడ్డం పడితే నీళ్లు పక్క గట్టు తెంచుకున్నట్టు, అది ఇండికేటర్ బల్బులోకి వెనకనుంచి దూరి, ఆ వైరు పట్టుకుని ముందు ఇండికేటర్ దాకా పోయి, అక్కడి మంచి ఎర్త్‌లో దిగుతుంది. బల్బుకి ఎటునుంచి వచ్చినా ఒకటే కదా. అన్ని బల్బులూ వరసగా పంచుకుంటాయి కాబట్టి ఏదీ నిండుగా వెలగదు. ఒకటి నొక్కితే ఇంకొకటి పలికిందంటే నేను ఎర్త్ తప్ప ముందు ఇంకేదీ చూడను.

లగ్ విప్పి, కింద పెయింట్ గీకి రేకు మెరిసేలా చేయండి. పళ్ల వాషర్ వేసి గట్టిగా బిగించి, ఆ తర్వాత పైన గ్రీజు రాయండి. పనిలో పనిగా ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే మందపాటి ఎర్త్ పట్టీ తిరిగి పెట్టారో లేదో చూడండి. అది లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు అంత కరెంటూ యాక్సిలరేటర్ కేబుల్ గుండా తిరుగుతుంది. ఎర్రగా కాలిన కేబుల్ నేను కళ్లారా చూశాను.

హెడ్‌లైట్ గురించి బుజ్జి మంచి ప్రశ్న వేసింది: “కనెక్టరు విప్పి మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తోంది, మరి డిమ్ ఎందుకు?” బల్బు విప్పేశాక ఆ వైరులో కరెంటు ప్రవహించడం లేదమ్మా. మీటరు లాగేది అతి కొంచెం. వైరులో ఇరవై పోగుల్లో పంతొమ్మిది తెగి ఒక్క పోగే మిగిలినా అది 12 అనే చూపిస్తుంది. 55 వాట్ల బల్బు పెడితే సుమారు 4.6 ఆంపియర్లు కావాలి. దారిలో 0.3 ఓమ్‌ల చెడ్డ జాయింట్ ఉన్నా చాలు, 1.4 వోల్టుల దాకా అక్కడే తినేస్తుంది. వోల్టేజ్ పదో వంతు తగ్గితేనే బల్బు వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. తిన్నది ఊరికే పోదు, వేడిగా మారుతుంది. లైటు పది నిమిషాలు వేసి ఉంచి జాయింట్లని చేత్తో తడిమితే దొంగ వెచ్చగా దొరుకుతాడు.

కొలవాలంటే లైటు వెలుగుతుండగానే కొలవండి. మీటరు ఒక ముల్లు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది బల్బు ఎర్త్ పిన్ను మీద. 0.2 వోల్టులు దాటితే ఎర్త్ బాగాలేదు. తర్వాత బ్యాటరీ పాజిటివ్ నుంచి బల్బుకి కరెంటు వచ్చే లైన్ పిన్నుకి. అర వోల్టు దాటితే లైన్ దారిలో జాయింట్లు చూసుకోండి. మెలిపెట్టి టేపు చుట్టినవి ఎన్ని ఉన్నాయో నేను అడగను. అవన్నీ క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), పైన హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకునే గొట్టం) తొడగాలని మీకూ తెలుసు.

పొద్దున్నే సెల్ఫ్ తిరగకుండా బ్యాటరీ రాత్రికి రాత్రి దిగిపోవడానికి రెండు కారణాలుండొచ్చు: పగలు నిండటం లేదు, లేదా రాత్రి కారుతోంది. మొదటిది రెండు నిమిషాల్లో తేలుతుంది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే, తాళం తిప్పినప్పుడు డాష్‌బోర్డులో బ్యాటరీ బొమ్మ దీపం వెలుగుతోందా చూడండి. చాలా పాత కార్లలో ఆల్టర్నేటర్ (బ్యాటరీని నింపేది) మేలుకునేది ఆ బుల్లి బల్బు గుండా వచ్చే కరెంటుతోనే. ఆ వైరు కలపడం మరిచిపోతే ఛార్జింగే మొదలవకపోవచ్చు.

ఛార్జింగ్ బాగుంటే, తాళం తీసేసి, బ్యాటరీ నెగటివ్ కేబుల్ విప్పి, దానికీ టర్మినల్‌కీ మధ్య మీటరు ఆంపియర్లలో పెట్టండి. 0.05 ఆంపియర్ల లోపు ఉంటే మంచిది. ఎక్కువుంటే ఒక్కో ఫ్యూజూ తీస్తూ ఎప్పుడు పడిపోతుందో చూడండి. మీరు ఫాగ్ ల్యాంపులకి కొత్తగా రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) పెట్టారుగా, నాకు దాని మీదే గురి. దాని పిన్నుల్లో 85, 86 కాయిల్‌వి (స్విచ్‌ని లాగే తీగచుట్ట), 30 బ్యాటరీది, 87 దీపానిది. కొన్ని రిలేల మధ్యలో 87ఎ అని ఇంకో పిన్ను ఉంటుంది. అది స్విచ్ వేయనప్పుడు కలిసి ఉండేది. దీపం వైరు దాని మీద పెడితే మీరు ఆపినప్పుడే వెలుగుతుంది! పైగా కాయిల్‌కి తాళంతో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీ ఇచ్చి ఉంటే, దీపం ఆరి ఉన్నా కాయిల్ రాత్రంతా 0.15 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి ఒక్క రాత్రి సరిపోదు గానీ, బ్యాటరీ ముందే దాదాపు ఖాళీగా ఉంటే సరిపోతుంది. పొద్దున్నే రిలే మీద వేలు పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే అదే.

వైరింగ్ ముట్టుకునే ముందు బ్యాటరీ విప్పాలి, అదీ నెగటివ్ ముందు. పాజిటివ్ విప్పేటప్పుడు స్పానర్ బాడీకి తగిలినా అప్పుడు మంట రాదు.

నాకు ఫోటోలు వద్దు. ఎర్త్ వైపు ఎంత, లైన్ వైపు ఎంత, ఇంజన్ నడుస్తుండగా ఎంత, రాత్రి ఎంత లాగుతోంది, ఈ నాలుగు అంకెలు రాసి పంపండి.

మీ అత్త

తా.క.: ఆంపియర్లు కొలిచాక మీటరు ఎర్ర వైరుని తిరిగి వోల్టుల కన్నంలోకి మార్చండి. మరిచిపోయి అలాగే బ్యాటరీ మీద పెడితే మీటరే షార్ట్ అవుతుంది. ఇంకా, మీటరు ఆ దారిలో ఉండగా సెల్ఫ్ కొట్టకండి. నానీ, ఇది ముఖ్యంగా నీకే.