పిల్లల సైకియాట్రిస్టు గురించి మీరు విన్నవి, నిజంగా జరిగేవి

హైదరాబాద్‌లో ‘ఎర్రగడ్డకు పంపాలి’ (అక్కడి మానసిక ఆసుపత్రికి అని) అనేది ఇప్పటికీ తిట్టే. ఆ భయంతోనే చాలామంది అమ్మానాన్నలు పిల్లల్ని మాలాంటి పిల్లల సైకియాట్రిస్టుల దగ్గరికి తేవడానికి ఏళ్ల తరబడి వెనకాడతారు. ఈలోపు నలిగిపోయేది పిల్లలే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: వెళ్లగానే మత్తుమందులు రాసేస్తారు.

వాస్తవం: మొదటిరోజు ఎక్కువగా మాటలే. కాన్పు ఎలా జరిగింది, మాటలు ఎప్పుడొచ్చాయి, నిద్ర ఎలా ఉంది, టీచర్ ఏమంటున్నారు, అన్నీ అడుగుతాం. చాలామందికి కౌన్సెలింగ్, ఇంట్లో పద్ధతుల్లో మార్పు, స్కూలుతో మాట్లాడటం సరిపోతాయి. ఏడీహెచ్‌డీకి, అంటే కుదురు, ఏకాగ్రత నిలవని సమస్యకు వాడే మిథైల్‌ఫెనిడేట్ నిద్రమాత్ర కాదు. ఆకలి తగ్గొచ్చు కాబట్టి ఎత్తు, బరువు, బీపీ చూస్తూ ఉంటాం. ఆరేళ్లలోపు పిల్లలకైతే ముందు తల్లిదండ్రులకు శిక్షణే.

అపోహ: తెలివుంది, బద్ధకం. నాలుగు తగిలిస్తే దారికొస్తాడు.

వాస్తవం: వచ్చేటప్పుడు నోటుబుక్కులు తెమ్మంటాను. నాలుగో తరగతి పిల్లాడు పాఠమంతా నోటితో గడగడా చెప్పేస్తాడు. పుస్తకం తెరిస్తే ఒత్తులు ఉండవు, ఇంగ్లిష్‌లో ‘బి’ ఉండాల్సినచోట ‘డి’, సగంలో ఆగిపోయిన వాక్యాలు, పక్కన ఎర్ర ఇంకుతో ‘కేర్‌లెస్’. పరీక్షలు చేసి చూస్తే చాలాసార్లు అది లెర్నింగ్ డిజెబిలిటీ, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య అని తేలుతుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీన్ని గుర్తించింది. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం అడగొచ్చు. కొడితే ఒత్తులు రావు. బడికి వెళ్లే టైముకి కడుపునొప్పి మాత్రం వస్తుంది.

అపోహ: మగపిల్లలకు మాటలు లేటే, వాళ్ల నాన్నకూ అంతే.

వాస్తవం: ఏడాది నిండినా పేరుపెట్టి పిలిస్తే చూడకపోయినా, ఏడాదిన్నరకు కూడా వేలుపెట్టి చూపించకపోయినా ఆగొద్దు. ఇవి ఆటిజం (నలుగురితో కలవడం, మాట్లాడటం కష్టమయ్యే ఎదుగుదల సమస్య) లక్షణాలు కావచ్చు. ఫోన్ వల్ల మాత్రం ఆటిజం రాదు.

అపోహ: ఇక్కడ చెప్పింది బయటకు పొక్కుతుంది, రేపు సంబంధాలు రావు.

వాస్తవం: 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గోప్యత మీ హక్కు. టీనేజ్ పిల్లలతో విడిగా కూడా మాట్లాడతాను. ప్రాణానికి ముప్పు ఉన్నా, లైంగిక వేధింపులు జరిగినా దాచలేనని వాళ్లకు మొదటే చెబుతాను.

అపోహ: ఇంటర్ పిల్లకు డిప్రెషన్ ఏంటి, పొగరు.

వాస్తవం: ఈ వయసులో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాక చిరాకుగా బయటపడుతుంది. హాస్టల్ నుంచి దసరాకి వచ్చిన పిల్ల తలుపేసుకుని కూర్చుంటుంది, అన్నానికి పిలిస్తే విసుక్కుంటుంది, ప్రాణస్నేహితురాలి ఫోన్ కూడా ఎత్తదు. రెండు వారాలు ఇలాగే ఉంటే ‘ర్యాంకు టెన్షన్‌లే’ అని వదిలేయకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని భయపడతారు. అలా జరగదు. నెమ్మదిగా, సూటిగా అడగండి. ఇన్నాళ్లకు ఒకరు అడిగారని చాలామంది పిల్లలు మనసు విప్పుతారు. అవునంటే తిట్టొద్దు, ‘నా మీద ఒట్టు’ అని చేతిలో చెయ్యి వేయించుకోవద్దు. పక్కనే ఉండండి, ఇంట్లోని మాత్రలు, పురుగుమందు తాళంలో పెట్టండి, ఆరోజే డాక్టరుకు చూపించండి. అర్ధరాత్రి అయితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.