షుగర్ బోర్డర్‌లో ఉందా? కొన్ని అపోహలు - వాస్తవాలు

రిపోర్టు బల్ల మీద పెట్టి చాలామంది అనే మొదటి మాట, "షుగర్ లేదండీ, బోర్డర్‌లో ఉందంతే." పోషకాహార నిపుణురాలిగా నాకు టెన్షన్ పెట్టేది చివర్లో ఉన్న ఆ 'అంతే'.

అపోహ: బోర్డర్ అంటే ఇంకా ఏమీ రానట్టే.

అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్క ప్రకారం పరగడుపున డెసిలీటరు రక్తంలో షుగర్ 100 నుంచి 125 మి.గ్రా., లేదా హెచ్‌బీఏ1సీ (గత కొన్ని నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 5.7 నుంచి 6.4 శాతం ఉంటే ప్రీడయాబెటిస్, అంటే మధుమేహానికి ముందు దశ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరగడుపు లెక్కను 110 నుంచి మొదలుపెడుతుంది. ఈ దశకు వచ్చేసరికే కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినవు. క్లోమం మామూలు కంటే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తూ నెట్టుకొస్తుంటుంది. పైకి ఏ బాధా తెలియదు కాబట్టే నిర్లక్ష్యం చేస్తాం.

'ఎలాగూ వచ్చేదే కదా' అని చేతులెత్తేయడమూ తప్పే. అమెరికాలో 3,234 మందితో చేసి 2002లో ప్రచురించిన అధ్యయనం ఉంది. 7 శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం చేయడం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో మధుమేహం బారిన పడే అవకాశం 58 శాతం తగ్గింది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గింది 31 శాతమే. 80 కిలోల మనిషికి 7 శాతమంటే ఐదున్నర కిలోలు. అందనంత దూరమేమీ కాదు.

అపోహ: చక్కెర మానేశాను, ఇక చాలు.

కాఫీలో చక్కెర మానేసి ఆరు నెలలైనా రిపోర్టు మారలేదని ఒకాయన బాగా దిగులుపడ్డారు. ఒక రోజంతా ఏం తిన్నారో, తాగారో కాగితం మీద రాసి తెమ్మన్నాను. మొదటి వరుసలో నీళ్లలో రెండు పెద్ద చెంచాల తేనె. రెండో వరుసలో నాలుగు నారింజల రసం, వడగట్టినది. ఆ తేనెలోనే 30 గ్రాములకు పైగా చక్కెర ఉంది. ఇక రసం సంగతి చూడండి. పండ్లు ఒలుచుకుని తింటే రెండోదానికే చేయి ఆగుతుంది. రసమైతే నాలుగు పండ్ల చక్కెరా నాలుగు గుక్కల్లో లోపలికి పోతుంది, పీచు జల్లెడలో మిగిలిపోతుంది. పాపం, రెండూ ఆరోగ్యం కోసమే మొదలుపెట్టారాయన.

అంటే పండ్లు మానేయాలని కాదు. ఒక పండు, పండుగానే తినండి.

అపోహ: అన్నం మానేసి రొట్టె తింటే సరిపోతుంది.

రెండింటిలోనూ ఉన్నది పిండి పదార్థమే, రెండూ గ్లూకోజే అవుతాయి. ధాన్యం మార్చి పరిమాణం పెంచితే ఒరిగేదేమీ లేదు. నేనైతే పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు పప్పు, గుడ్డు లాంటి ప్రొటీన్, మిగిలిన పావులో అన్నమో రొట్టో పెట్టుకోమంటాను. తినే వరుస కూడా ముఖ్యం. ముందు కూరగాయలు, ప్రొటీన్ తిని, అన్నం చివర్లో తింటే భోజనం తర్వాత షుగర్ అంత ఎత్తుకు ఎగబాకదు. తిన్న వెంటనే కుర్చీలో వాలిపోకుండా పది, పదిహేను నిమిషాలు నడవండి. కదిలే కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. ఖర్చులేని ఈ సలహానే అందరూ తేలిగ్గా తీసేస్తారు, నాకు బాధేస్తుంది.

అపోహ: రాత్రి తినకపోతే పొద్దున షుగర్ తగ్గుతుంది.

మనం తినకపోయినా కాలేయం గ్లూకోజ్‌ను విడుదల చేస్తూనే ఉంటుంది. తెల్లవారుజామున కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరిగి దాన్ని ఇంకాస్త ఎగదోస్తాయి. అందుకే పస్తున్నా పరగడుపు లెక్క ఎక్కువ రావచ్చు. వరసగా కొన్ని రాత్రులు నిద్ర చాలకపోయినా ఇన్సులిన్ పనితనం తగ్గుతుంది.

అపోహ: సన్నగా ఉన్నవాళ్లకు రాదు.

వస్తుంది. కాళ్లూ చేతులూ సన్నగా ఉన్నా పొట్ట లోపల, కాలేయం చుట్టూ కొవ్వు చేరితే చాలు.

అపోహ: హెచ్‌బీఏ1సీ ఎప్పుడూ తప్పు చెప్పదు.

అది రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపిస్తుంది. కాబట్టి పదిహేను రోజులు పథ్యం చేసి మళ్లీ పరీక్షకు పరుగెత్తకండి, మూడు నెలలు ఆగండి. ఇనుము లోపం వల్ల రక్తహీనత ఉంటే ఈ లెక్క ఉన్నదానికంటే ఎక్కువ రావచ్చు. ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి, పరగడుపు పరీక్షతో సరిచూస్తారు.