జపాన్‌లో పెద్ద పాత హోటల్‌లో దిగుతున్నారా? ముందు ఈ అపోహలు వదిలేయండి

టోక్యోలో వెయ్యికి పైగా గదులున్న ఒక పాత హోటల్ ఫ్రంట్ డెస్క్‌లో నా ఉద్యోగం. టోక్యోలోనే భారతీయులు ఎక్కువగా ఉండే నిషికసాయి వైపు మన సాఫ్ట్‌వేర్ వాళ్లు అమ్మానాన్నల్ని పిలిపించుకుంటే, చిన్న ఫ్లాట్‌లో చోటు చాలక మా దగ్గర గది తీసుకుంటూ ఉంటారు. నేను తెలుగువాణ్నని తెలిశాక వాళ్ల మొహంలో టెన్షన్ సగం తగ్గుతుంది. ఆ మిగతా సగం కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: గదికి డబ్బు కట్టాం, ఎంతమంది పడుకుంటే ఎవరికేంటి?

వాస్తవం: మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే. జపాన్‌లో చాలా చోట్ల రేటు గదిని బట్టే కాదు, మనుషుల లెక్కను బట్టి కూడా ఉంటుంది. బస చేసే ప్రతి ఒక్కరి పేరూ రిజిస్టర్‌లో ఉండాలని చట్టం. జపాన్‌లో అడ్రస్ లేని విదేశీయుల పాస్‌పోర్ట్ చూసి కాపీ తీసుకుంటాం. అది అనుమానంతో చేసే పని కాదు. టోక్యోలో బస పన్ను కూడా తలకింత అనే: గది రేటు మనిషికి ఒక రాత్రికి 10,000 యెన్‌ల నుంచి ఉంటే 100 యెన్‌లు, 15,000 నుంచి అయితే 200. టూత్‌బ్రష్‌లు, చెప్పులు, రాత్రి వేసుకునే బట్టలు కూడా తలలు లెక్కపెట్టే సర్దుతాం. రాత్రి మంటలు లేస్తే ఏ గదిలో ఎంతమంది ఉన్నారో ఆ లెక్కే చెబుతుంది.

కాబట్టి ఇద్దరికి బుక్ చేసి మూడో మనిషిని లిఫ్ట్‌లో పంపేయకండి. ముందే చెబితే ఎక్స్‌ట్రా బెడ్ వేస్తాం. చిన్నపిల్లలు మీ మంచం మీదే పడుకుంటే చాలా హోటళ్లు డబ్బు తీసుకోవు. ఏ వయసు దాకా అన్నది మాత్రం అడిగి తెలుసుకోండి.

"మా అబ్బాయేనండీ, కాసేపు గదిలో కూర్చుంటే తప్పా?" అని అడుగుతారు. బస చేయనివాళ్లు గదికి వెళ్లకూడదన్న నియమం చాలా హోటళ్లలో ఉంటుంది. అబ్బాయిని లాబీకి రమ్మనండి. ఇలాంటి హోటల్ లాబీ ఊరందరిదీ. ఇక్కడి పెళ్లిచూపులు, "ఒమియాయ్" అంటారు, తరతరాలుగా ఇలాంటి లాబీల్లోనే టీ కప్పుల మధ్య జరుగుతున్నాయి.

అపోహ: చిన్న కరెంట్ కుక్కర్ తెచ్చుకుంటే అన్నానికి లోటుండదు.

వాస్తవం: ఒక పెద్దావిడ అడాప్టర్ పెట్టి గంటన్నర ఎదురుచూశారట. బియ్యం గోరువెచ్చని నీళ్లలో నానుతూనే ఉన్నాయి. మన కుక్కర్ 230 వోల్టులది, ఇక్కడి కరెంట్ 100 వోల్టులు. వేడి ఐదో వంతు కూడా రాదు. పైగా గదిలో వంట నిషేధం. పక్కనే కన్వీనియన్స్ స్టోర్‌లో ప్యాక్ చేసిన తెల్లన్నం దొరుకుతుంది, వాళ్లే వేడి చేసిస్తారు. మీ ఆవకాయ మీ దగ్గర ఉంటే ఇక దిగులెందుకు?

అపోహ: కూరగాయల వంటకమంటే శాకాహారమే.

వాస్తవం: కాదు. మిసో సూప్‌లో, ఉడికించిన కూరల్లో సాధారణంగా "దాషి" పోస్తారు. దాన్ని ఎక్కువగా ఎండబెట్టిన చేప తరుగుతో కాస్తారు. చేప కనిపించదు కాబట్టి తెలియదు. "వెజిటేరియన్" అని ఒక్క మాటతో సరిపెట్టకండి. మాంసం, చేప, గుడ్డు, దాషి, వీటిలో ఏవి తినరో విడివిడిగా రాసి కనీసం మూడు రోజుల ముందు పంపండి. పెద్ద హోటల్‌కున్న బలమే దాని వంటగది, కానీ దానికి వ్యవధి కావాలి. బోర్డు మీద "బైకింగు" అని ఉంటే బఫే అని అర్థం. 1958లో టోక్యోలోని ఇంపీరియల్ హోటల్ తన బఫేకి వైకింగ్ అని పేరు పెట్టింది, జపనీయుల నోట బైకింగుగా మారి అదే దేశమంతా వాడుకైపోయింది.

అపోహ: పాత బిల్డింగ్, భూకంపం వస్తే అంతే.

వాస్తవం: జపాన్ 1981లో భూకంప నిబంధనల్ని బాగా కఠినం చేసింది. అంతకుముందు కట్టిన పెద్ద హోటళ్ల బలాన్ని పరీక్షించి ఫలితాలు బయటపెట్టాలని 2013లో చట్టం సవరించింది. గట్టిగా ఊగితే లిఫ్ట్‌లు దగ్గర్లోని అంతస్తులో వాటంతటవే ఆగుతాయి. అప్పుడు మెట్ల వైపు పరుగెత్తకండి, తలకు దిండు అడ్డం పెట్టుకుని అనౌన్స్‌మెంట్ వినండి. 2011 మార్చి 11న రైళ్లు ఆగిపోయినప్పుడు, టోక్యోలో ఇళ్లకు చేరలేనివాళ్లకు రాత్రంతా తలదాచుకునే చోటిచ్చినవాటిలో ఇలాంటి పెద్ద హోటళ్లు చాలా ఉన్నాయి.

అపోహ: టిప్ ఇవ్వకపోతే పట్టించుకోరు.

వాస్తవం: ఇవ్వకండి. ఇలాంటి హోటళ్లలో సర్వీస్ చార్జీ 10 నుంచి 15 శాతం బిల్లులోనే ఉంటుంది.

అపోహ: గది ఖాళీ చేశాక మర్చిపోయినవి దొరకవు.

వాస్తవం: మా దగ్గర చెత్తబుట్టలోవి కూడా వెంటనే పారేయం, ఇంకో రోజు ఉంచుతాం. కిందటేడు ఒక పెద్దాయన ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేశారు. "బాబూ, ఏదో బిల్లు వెనక మా చిన్ననాటి స్నేహితుడి నంబర్ రాసుకున్నాను, అక్కడే పోయింది." గది నంబర్ రాసిన సంచీ విప్పితే నారింజ తొక్కల కింద నాలుగు మడతలు పెట్టిన రసీదు కనిపించింది. తడిసింది గానీ పెన్సిల్ అంకెలు చెదరలేదు. ఒక్కో అంకె చదివి వినిపించాను, ఆయన రెండుసార్లు తిరిగి చెప్పించుకుని రాసుకున్నారు.