ఎనభై ఏళ్ల మనిషికి పేగు ఆపరేషనా? అపోహలు - వాస్తవాలు

అపోహ: “ఈ వయసులో కోత తట్టుకోలేరు. ఉన్నన్నాళ్లు ఉంటారు, వదిలేద్దాం.”

విశాఖలో సర్జరీ ఓపీ బయట బెంచీల మీద రోజూ వినపడే మాట ఇది. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో తండ్రిని తీసుకొచ్చిన కొడుకు, కొలనోస్కోపీ (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష) రిపోర్టు చేత్తో పట్టుకుని ఇదే అడుగుతాడు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ వదిలేస్తే పేగులో క్యాన్సర్ గడ్డ ఊరుకోదు, పెరిగి దారి మూసేస్తుంది. పొట్ట ఉబ్బి, వాంతులై, విరేచనమూ గ్యాసూ రెండూ ఆగిపోయి అర్ధరాత్రి క్యాజువాలిటీకి వస్తారు. అప్పుడు ఆపరేషన్ ఎలాగూ తప్పదు. అప్పటికి ఒంట్లో నీరు, పొటాషియం పడిపోయి ఉంటాయి, కిడ్నీలు దెబ్బతింటూ ఉంటాయి. చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేద్దామన్నా ఉబ్బిన పేగుల మధ్య దానికి చోటుండదు కాబట్టి చాలావరకు పొట్ట పెద్దగా కోయాల్సిందే. పేగు చివరలు అతికే పరిస్థితి లేక, పేగును పొట్ట మీదికి తెచ్చి మలం పడేలా సంచి పెట్టాల్సి రావచ్చు. ముందుగా అనుకుని చేసే ఆపరేషన్ కన్నా ఇందులో ప్రాణాపాయం ఎన్నో రెట్లు ఎక్కువ. చిన్న కోతకు భయపడి వాయిదా వేసిన ఇంటివాళ్లే పెద్ద కోతకు సంతకం పెడతారు.

వాస్తవం: ఆధార్ కార్డు మీద పుట్టిన తేదీ చూసి ఎవరూ ఆపరేషన్ వద్దనకూడదు. చూడాల్సింది ఒంట్లో ఓపిక. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కొచ్చి కూర్చోమంటాం. 12 సెకన్లలోపు అయితే ధైర్యంగా ముందుకెళ్లొచ్చు, 20 దాటితే ముందు బలం పెంచాలి. బీచ్ రోడ్డులో రోజూ నడిచే 82 ఏళ్ల పెద్దాయన, మంచం దిగని 65 ఏళ్ల షుగర్ పేషెంటు కన్నా బాగా తట్టుకుంటారు. మంచానికే పరిమితమై మతిమరుపు బాగా ముదిరినవారికి ఆపరేషన్ వద్దని మేమే చెబుతాం. కొందరికి పేగులో స్టెంటు (జాలీలాంటి గొట్టం) పెట్టి దారి తెరిచి ఉంచొచ్చు. కానీ ఆ మాట పరీక్షించినవాళ్లు చెప్పాలి, పక్కింటివాళ్లు కాదు.

దారి మూసుకుపోయే సూచనలు లేకపోతే బలం పెంచడానికి రెండు నుంచి నాలుగు వారాలు దొరుకుతాయి. పెద్దపేగు కుడివైపు గడ్డలు కంటికి కనపడకుండా రక్తం కారుస్తాయి. హిమోగ్లోబిన్ 7కో 8కో పడిపోతే “వయసు నీరసం” అని టానిక్ పోస్తూ కూర్చుంటారు. ఐరన్‌ను సెలైన్‌లో కలిపి ఎక్కించడం మేలు. కిడ్నీ జబ్బు లేనివారికి రోజుకు కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి, అంటే 50 కిలోల మనిషికి 60–75 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే. పథ్యం పేరుతో చారన్నం మీద ఉంచితే అతికిన పేగు మానదు. ఊపిరి గట్టిగా పీల్చి బంతులు లేపే మూడు బంతుల స్పైరోమీటర్ ముందు నుంచే అలవాటు చేయించండి. పొగ కనీసం నాలుగు వారాల ముందు మానాలి. మన ఉత్తరాంధ్ర పెద్దావిడలు సిగరెట్టు అలవాటు లేదంటారు కానీ అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగడం) సంగతి చెప్పరు, అది ఇంటివాళ్లే చెప్పాలి. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ మామూలుగా 5–7 రోజుల ముందు ఆపుతారు, కానీ గుండెలో స్టెంటు ఉంటే మీ అంతట మీరు ఆపకండి. షుగరుకు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడుతుంటే తప్పక చెప్పండి, 3 రోజుల ముందే ఆపాలి.

అపోహ: “కెమెరా ఆపరేషనే కదా, చిన్నదే.”

పైకి చిన్నది. 5–12 మిల్లీమీటర్ల రంధ్రాలు నాలుగైదు, తీసిన పేగు బయటికి రావడానికి 4–6 సెంటీమీటర్ల కోత. లోపల తీసే పేగు, లింఫ్ గ్రంథులు, స్టేప్లర్‌తో అతకడం అన్నీ ఓపెన్‌లో (పొట్ట పెద్దగా కోసి చేసే ఆపరేషన్‌లో) ఉన్నవే. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ మామూలుగా 12–15 ఎంఎం (పాదరసం) ఒత్తిడితో నింపుతాం. పెద్దవాళ్లకు వీలైతే 10–12 దగ్గరే ఉంచుతాం. మలాశయం ఆపరేషన్‌లో తల కిందికి వాలుస్తాం కాబట్టి గుండె, ఊపిరితిత్తుల మీద భారం పడుతుంది. ఎకో (గుండె స్కాన్) తీయమనేది అందుకే. మధ్యలో ఓపెన్‌కు మారితే ఆపరేషన్ చెడిందని కాదు. పెద్దవాళ్లకు అసలు లాభం మచ్చ చిన్నదవడం కాదు, నొప్పి తక్కువ కావడం. నొప్పి తక్కువైతే గట్టిగా దగ్గగలరు, కఫం బయటికొస్తుంది, న్యుమోనియా తగ్గుతుంది.

కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందన్నది పచ్చి అబద్ధం. ముందు రాత్రి నుంచే నీళ్లు మానేయాలన్నది పాత పద్ధతి. పేగు మూసుకుపోనివారికి సాధారణంగా 2 గంటల ముందు వరకు నీళ్లు ఇవ్వొచ్చు. వారం మంచం మీద ఉంచాలన్నదీ తప్పే, మర్నాడే నడిపిస్తాం. సంచి చాలామందికి అక్కర్లేదు. పెట్టినా ఎక్కువమందికి అది తాత్కాలికమే, రెండు మూడు నెలలకు మూసేయొచ్చు. చిన్నపేగు సంచిలో రోజుకు లీటరున్నర దాటి వస్తుంటే, అందులోనూ మే నెల ఉక్కపోతలో, ఉత్త నీళ్లు తాగిస్తే ఉప్పు ఇంకా పోతుంది. ఓఆర్‌ఎస్ ఇచ్చి డాక్టరుకు చెప్పండి.

ఆపరేషన్ తర్వాత తికమక మాటలు వస్తే “మత్తుమందుకు మతి పోయింది” అని భయపడతారు. చాలామందిలో కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. కళ్లద్దాలు, చెవి మిషను, కట్టుడు పళ్లు మొదటి రోజే తిరిగి పెట్టండి, తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టండి. అయితే మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య కొత్తగా తికమక మొదలై, నాడి 100 దాటి, పొట్ట ఉబ్బితే అతుకు దగ్గర లీకేమోనని చూడాలి. ముసలితనంలో జ్వరం, నొప్పి లేకుండానూ ఇది రావచ్చు. గ్యాసు అనుకుని సోడా తాగించొద్దు. ఇంటికి వెళ్లాక కనపడితే అదే రోజు, రాత్రయినా సరే, ఆపరేషన్ చేసిన చోటికి తీసుకురండి.