ఆల్జీమర్స్ మందుల గొడవ వెనుక 2012 నాటి మలుపు

ఆల్జీమర్స్ మందుల మీద వాదన మళ్లీ వేడెక్కింది. లెకానెమాబ్, డొనానెమాబ్ లాంటి యాంటీబాడీలు మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలను నిజంగానే తొలగిస్తున్నాయి, స్కాన్లలో అది స్పష్టంగా కనిపిస్తోంది. మరి మనిషిలో ఆ మేరకు మార్పు ఎందుకు రావట్లేదు? లెకానెమాబ్ ట్రయల్లో 1,795 మంది ఉన్నారు, 18 నెలలయ్యేసరికి ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లతో పోలిస్తే అసలు మందు తీసుకున్నవాళ్లలో క్షీణత 27 శాతం నెమ్మదించింది, అదే జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల స్కేలు మీద చూస్తే తేడా 0.45 పాయింటు. ఇదే తొలి విజయమని కొందరు, ఇంట్లోవాళ్లు గుర్తుపట్టేంత తేడా కూడా కాదని కొందరు. ఇద్దరూ ముద్దల దగ్గరే ఆగిపోతున్నారు. ఆ ముద్దల చుట్టూ గుమిగూడే కణాల సంగతి ఎత్తేవాళ్లు తక్కువ, నాకైతే చిక్కుముడి అంతా అక్కడే ఉందనిపిస్తుంది.

1906లో ఈ జబ్బును మొదట వర్ణించిన డాక్టరు కథ, అమిలాయిడ్ ముద్దలే జబ్బుకు మూలమన్న సిద్ధాంతం పుట్టుక చాలామందికి తెలిసినవే, వాటిలోకి వెళ్లను. ఆ కణాలు గ్లియా అనే జాతివి. గ్లియా అనే మాటకు జిగురు అని అర్థం, 1850లలో విర్కో అనే జర్మన్ డాక్టరు పెట్టిన పేరు. న్యూరాన్లను, అంటే నాడీకణాలను, అంటిపెట్టి ఉంచడం తప్ప వీటికి వేరే పనేముంది అన్న ఆలోచన ఆ పేరుతోనే మొదలై చాలాకాలం పోలేదు. నిజానికి గ్లియాలో ఆస్ట్రోసైట్లు అనే రకం న్యూరాన్లకు పోషణ అందిస్తుంది, మైక్రోగ్లియా అనే మరో రకం కణాలు మెదడులో కాపలా కాస్తూ చెత్తను మింగేస్తాయి.

1980లలోనే వాంకూవర్‌లో పాట్రిక్, ఎడిత్ మెక్‌గీర్ దంపతులు చనిపోయిన రోగుల మెదళ్లలో ముద్దల దగ్గర రెచ్చిపోయి ఉన్న మైక్రోగ్లియాను చూపించారు. దానికి వచ్చిన జవాబు ఏళ్ల తరబడి ఒకటే: ఇల్లు కాలుతుంటే అక్కడ ఫైరింజన్ ఉంటుంది, అంతమాత్రాన మంట అది పెట్టినట్టా? పైగా రెచ్చిపోయిన మైక్రోగ్లియా వల్ల వచ్చే వాపును తగ్గించే మాత్రలతో ఆల్జీమర్స్‌ను ఆపవచ్చేమోనని 2001లో మొదలుపెట్టిన పెద్ద ట్రయల్లో 2004లో మాత్రలు ఇవ్వడం ఆపేశారు, జబ్బును ఆపిన దాఖలా దొరకలేదు. దాంతో జబ్బులో గ్లియాకూ పాత్ర ఉందన్న వాదం పని అయిపోయిందనుకున్నారు.

అలాంటి సమయంలో, 2012 నవంబరులో, ఐస్‌లాండ్ నుంచి ఒకటి, లండన్ పరిశోధకులు ముందుండి చేసింది ఒకటి, రెండు జన్యు అధ్యయనాలు ఒకేసారి వచ్చాయి. రెండూ ట్రెమ్2 అనే జన్యువునే పట్టుకున్నాయి. అందులో ఒక అరుదైన మార్పు ఉన్నవాళ్లకు ఆల్జీమర్స్ ముప్పు సుమారు మూడు రెట్లు లేదా అంతకంటే ఎక్కువ. మెదడులో ఈ జన్యువు పనిచేసేది ప్రధానంగా మైక్రోగ్లియాలో, న్యూరాన్లలో కాదు. ఆ పాత ఫైరింజన్ జవాబు ఇక్కడ చెల్లదు, ఎందుకంటే జన్యువు పుట్టుకతో వస్తుంది, ముద్దలు వచ్చేది దశాబ్దాల తర్వాత, కాబట్టి ఈ లోపం ముద్దల వల్ల వచ్చిందని ఎవరూ అనలేరు. గ్లియాను పక్కన పెట్టి ఆల్జీమర్స్‌ను వివరించడం ఆ రోజుతో ముగిసిందని నా అభిప్రాయం.

ఆ తర్వాత పాత విషయాలు కూడా కొత్తగా కనిపించాయి. 1993లో దొరికిన అపో-ఈ4 అనే జన్యు రూపం ఈ జబ్బుకు అతి పెద్ద సాధారణ జన్యు ముప్పు. ఆ జన్యువు నుంచి వచ్చే ప్రొటీన్‌ను మెదడులో ఎక్కువగా తయారుచేసేది ఆస్ట్రోసైట్లే! అది అంతకుముందు తెలియని సంగతేమీ కాదు, దానికి ఇవ్వాల్సిన బరువే ఇవ్వలేదు.

ట్రెమ్2 లేని ఎలుకల్లో మైక్రోగ్లియా ముద్దల చుట్టూ సరిగా చేరలేదు, కంచె లేని ముద్ద విచ్చుకుపోయి పక్కనున్న నాడీ తీగలను పాడుచేసింది. అంటే మైక్రోగ్లియా కాపాడుతోంది. కానీ 2016లో అమెరికా శాస్త్రవేత్త బెత్ స్టీవెన్స్ బృందం, ఎలుకల్లోనే, ముద్దలు కట్టకముందే మైక్రోగ్లియా న్యూరాన్ల మధ్య కనెక్షన్లను మింగేస్తోందని చూపించింది. కాపాడే కణమే హాని కూడా చేస్తోందన్నమాట. ఏ దశలో ఏ పని చేస్తుందన్నది తేలకుండా అన్నిటినీ ఒకేసారి శాంతింపజేసే మాత్ర ఫలించకపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఇప్పుడు ఈ యాంటీబాడీల సంగతికి వద్దాం. ఇవి అమిలాయిడ్‌కు అతుక్కుని గుర్తు పెడతాయి, మింగే పని చాలావరకు మైక్రోగ్లియాదే. కాబట్టి ముద్దలా గ్లియానా అని రెండు శిబిరాలుగా విడిపోవడమే నాకు అర్థం కాదు. డోసు, దశ, ఎవరికి ఇవ్వాలి అన్నీ ఆ కణాల స్థితి మీద కూడా ఆధారపడి ఉంటాయి కదా, మరి ట్రయల్స్‌లో ఫలితాన్ని ముఖ్యంగా అమిలాయిడ్ ఎంత తగ్గింది, జ్ఞాపకశక్తి ఎంత నిలిచింది అన్న లెక్కల్లోనే చూస్తున్నాం.

గ్లియాకు అంత ప్రాధాన్యం లేదనే పక్షం చేతిలో ఒక గట్టి ఆధారం ఉంది, అది చెప్పకపోతే తప్పు. ట్రెమ్2ను ఉత్తేజపరిచే ఏఎల్002 అనే యాంటీబాడీ 2024 నవంబరులో రెండో దశ ట్రయల్లో విఫలమైంది, జబ్బు తొలిదశలో ఉన్న రోగుల్లో కూడా క్షీణత నెమ్మదించలేదు. అయితే తొలిదశ అని మనం అనేది లక్షణాలు మొదలైన దశ, అప్పటికి అమిలాయిడ్ పేరుకోవడం మొదలై పదేళ్ల పైనే అయి ఉంటుంది, ఆ కాలమంతా మైక్రోగ్లియా దాని చుట్టూ పనిచేస్తూనే ఉంటుంది.