ముఖ్యపట్టణం బయట ఉన్న జిల్లా

నైరుతి పోలండ్‌లో, చెక్ సరిహద్దు దగ్గరి వావ్‌బ్జిఖ్ కొండల్లో రెండు రకాల నంబరు ప్లేట్లు తిరుగుతుంటాయి. ‘డీబీ’ అని ఉంటే ఆ కారు వావ్‌బ్జిఖ్ నగరానిది, ‘డీబీఏ’ అని ఉంటే వావ్‌బ్జిఖ్ జిల్లాది. పేరు ఒక్కటే. జిల్లా కార్యాలయం ఉన్నదీ నగరంలోనే. కానీ నగరం మాత్రం జిల్లాలో లేదు.

ఇటువంటివాటిని అక్కడ ‘ఓబ్వజానెక్’ జిల్లాలంటారు. క్రాకుఫ్ వీధుల్లో అమ్మే మెలిక రొట్టె పేరది. మన గారెకున్నట్టే దానికీ నడుమ చిల్లు ఉంటుంది. ఆ చిల్లే నగరం. వావ్‌బ్జిఖ్ గారె నిండుది కూడా కాదు, ఉత్తరాన ఎవరో కొరికినట్టు స్విద్నిత్సా జిల్లా వచ్చి తగులుతుంది.

జిల్లా అంటున్నాం గానీ, ‘పొవియత్’ అనే ఈ విభాగం చిన్నది. ఇక్కడ విస్తీర్ణం సుమారు 430 చదరపు కిలోమీటర్లు, అంటే మన మండలాలు రెండు కలిపినంత. అందులో ఎనిమిది గ్మీనాలు, అంటే స్థానిక సంస్థలు. నీళ్లు, చెత్త, ప్రాథమిక బడులు గ్మీనాలు చూసుకుంటాయి. ఉన్నత పాఠశాలలు, జిల్లా రోడ్లు, డ్రైవింగ్ లైసెన్సులు పొవియత్ పని. దాని అధిపతి స్తరోస్తాను జిల్లా మండలి ఎన్నుకుంటుంది.

చిక్కు మొదలైంది 1975లో. కమ్యూనిస్టు ప్రభుత్వం పొవియత్‌లను రద్దుచేసి, రాష్ట్రాల వంటి ‘వొయెవుద్స్‌త్వొ’లను 49కి పెంచింది. అలా బొగ్గు గనుల వావ్‌బ్జిఖ్‌కు రాజధాని హోదా దక్కింది. 1999లో కథ తిరగబడింది. పెద్ద విభాగాలు 16కు తగ్గాయి, పొవియత్‌లు తిరిగొచ్చాయి, అధికారం కొత్త విభాగపు రాజధాని వ్రోత్స్వాఫ్‌కు తరలిపోయింది. హోదా పోయిన నగరాలకు ఓదార్పుగా దొరికింది ‘పొవియత్ హక్కులున్న నగరం’ అనే గుర్తింపు. రెండు అంచెల పనులూ నగర పాలకులే చేసుకోవచ్చు, రెండు అంచెల ఖర్చూ వారిదే.

సరిగ్గా అప్పటికే గనులన్నీ మూతపడ్డాయి. పని పోయినవాళ్లు కొండవాలున చేత్తో గోతులు తవ్వి, బొగ్గు బస్తాలకెత్తి అమ్ముకున్నారు. ఆ గోతులకు జనం పెట్టిన పేరు ‘బ్యెదాషిబి’, అంటే పేదరికపు గనులు. అలాంటి రోజుల్లో ఓదార్పు హోదా బరువే అయింది. 2003 జనవరి 1న నగరం దాన్ని వదులుకుని జిల్లాలో కలిసిపోయింది.

పదేళ్లపాటు అలా గడిచింది. పొవియత్ హక్కులుంటే నగరంలోని జాతీయ రహదారి కూడా మేయరు చేతిలోనే ఉంటుంది. లేకపోతే ఒకే ఊళ్లో ఒక రోడ్డు కేంద్రానిది, ఇంకొకటి వొయెవుద్స్‌త్వొది, పక్క వీధి జిల్లాది. అప్పట్లో ఊరి మధ్యగా పోయిన 35వ నంబరు జాతీయ రహదారిలో గుంత పడితే మేయరు ఇంకొకరికి ఉత్తరం రాసుకోవలసి వచ్చేది. నా లెక్కలో మిగిలిన డబ్బు కంటే చేజారిన పట్టే ఎక్కువ. 2013 జనవరి 1న నగరం మళ్లీ విడిపోయింది. హోదా పుచ్చుకుని, వదిలేసి, తిరిగి తెచ్చుకున్న నగరం పోలండ్‌లో ఇదొక్కటే.

నగరాన్ని ఆనుకునే ఉన్న ష్చావ్నో-జ్‌ద్రుయ్ అనే ఊటనీటి ఊరు జిల్లాలోనే మిగిలింది. ఎక్కడ ఊరు ముగిసి నగరం మొదలవుతుందో నడిచేవాడికి తెలియదు. కానీ లైసెన్సు కావాలంటే ఆ ఊరివాడు నగరానికి వచ్చి స్తరోస్తా కార్యాలయం మెట్లెక్కాలి, నగరంవాడు నగరపాలక కార్యాలయానికి వెళ్లాలి.